తోమితే మెరిసేది కాదు: ఫోను తెరను శుభ్రపరచే సరైన పద్ధతి

ఇత్తడి చెంబును చింతపండుతో, వెండి కుందిని విభూతితో తోమిన ఇండ్లు మనవి. ఎంత తోమితే అంత మెరుపు అన్న నమ్మకం మన చేతులలో స్థిరపడిపోయింది. ఆ పాత్రల విషయంలో ఆ నమ్మకం సరైనదే. ఇత్తడి పైభాగం కొంచెం అరిగినా దాని కింద ఉన్నదీ ఇత్తడే. అదే చేతితో, అదే బలంతో ఫోను తెరను తుడిచినపుడు జరిగేది వేరు. తెర పైభాగాన కంటికి కనిపించని ఒక పలుచని పూత ఉంటుంది. ఆ పూత అరిగిపోతే దాని కింద మరొక పూత ఉండదు, వట్టి గాజు మాత్రమే ఉంటుంది. ఫోను తెరలు పాడవడానికి మురికి ఎంత కారణమో, ఆ మురికిని తొలగించాలని మనం చేసే ప్రయత్నం కూడా అంతే కారణమవుతున్నది. ఏ పని చేయాలో, ఏ పని మానుకోవాలో, అందుకు కారణమేమిటో తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెర చెడితే ఏమవుతుంది?

అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుండి, తెలంగాణ పల్లెల నుండి బెంగళూరుకు వచ్చి పని చేసుకొంటున్న కుటుంబాలలో ఫోను నెరవేర్చే బాధ్యతలు అనేకం. జీతం జమ అయిన సమాచారం దానికే వస్తుంది. ఇంటి అద్దె, పిల్లల బడి రుసుము దాని నుండే చెల్లిస్తాము. బ్యాంకు పంపే ఓటీపీ దానికే చేరుతుంది. ఊరిలో ఉన్న తల్లిదండ్రుల ముఖం సాయంత్రం వేళ ఆ తెర మీదనే కనిపిస్తుంది. ఇంటింటికీ భోజనం చేరవేసే యువకునికి, క్యాబ్ నడిపే వారికి తెర స్పందించడం మానితే ఆ పూట సంపాదన ఆగిపోతుంది. తెర మార్పించాలంటే కొన్ని వేల రూపాయల ఖర్చు. తక్కువ ధర ఫోనుకైతే ఆ ఖర్చు ఫోను విలువతో పోటీ పడుతుంది. కాబట్టి తెరను తుడవడం చిన్న పనిగా కనిపించినా, దానిని సరిగా చేయడం ఇంటి ఖర్చుకు, నిత్య జీవనానికి సంబంధించిన విషయమే.

తెరలోని పొరలు

మనం ఒక్క పలకగా చూసే తెరలో నిజానికి అనేక పొరలు ఉన్నాయి. అడుగున బొమ్మను చూపే పొర, దానిపై వేలి స్పర్శను గుర్తించే పొర, ఆపైన గాజు, గాజుపైన పూత.

ఈ గాజు కిటికీ గాజు వంటిది కాదు. సోడియం అయానులు గల గాజు పలకను సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజు ఉపరితలంలోని చిన్న సోడియం అయానులు బయటకు వెళ్ళి, వాటి స్థానంలో పెద్దవైన పొటాషియం అయానులు చేరుతాయి. ఇరుకైన చోట పెద్దవి ఇమడడం వలన ఉపరితలం అన్ని వైపుల నుండి బిగుసుకొంటుంది. అందువలన ఆ గాజు మామూలు గాజు కంటే దెబ్బలకు, గీతలకు ఎక్కువగా తట్టుకొంటుంది. 2007లో వచ్చిన మొదటి ఐఫోను మొదలుకొని ఈ తరహా గట్టి గాజు చేతి ఫోన్లలో విస్తరించింది.

గాజు మీద ఉండే పూత పని వేరు. అది నూనెను, జిడ్డును సులభంగా అంటనీయదు. సాంకేతిక పరిభాషలో దీనిని ఓలియోఫోబిక్ పూత అంటారు. ఐఫోన్లలో ఈ పూత 2009లో విడుదలైన 3జీఎస్ నమూనాతో మొదలైంది. నేడు చాలా ఫోన్లలో ఏదో ఒక రూపంలో ఉంటున్నది. ఈ పూతలోని అణువులకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస గాజును పట్టుకొంటుంది. ఫ్లోరిన్ నిండిన రెండవ కొస బయటి వైపు నిలిచి జిడ్డును దూరంగా ఉంచుతుంది. అంటుకోని దోసె పెనం మీద ఉండే పూత కూడా కార్బన్, ఫ్లోరిన్ల బంధం గల పదార్థమే. అటువంటి పెనాన్ని ఇనుప పీచుతో తోమరాదని మన ఇండ్లలో అందరికీ తెలుసు. ఫోను తెర ఆ పెనానికి దూరపు చుట్టము. తేడా ఏమిటంటే, పెనం మీది పూత కంటికి కనిపిస్తుంది. తెర మీది పూత మందం నానోమీటర్లలో కొలవవలసినంత స్వల్పం. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నుండి లక్ష నానోమీటర్లు. దానితో పోలిస్తే ఈ పూత ఉన్నదో లేదో అన్నంత పలుచన.

పూత మిగిలి ఉన్నదో లేదో ఇంటిలోనే తెలుసుకోవచ్చును. ఫోనును ఆపివేసి, తెర మధ్య భాగాన వేలి కొసతో ఒక చిన్న నీటి చుక్కను ఉంచండి. తామరాకు మీది నీటివలె చుక్క గుండ్రంగా నిలిస్తే పూత బాగున్నట్లు. చుక్క పరచుకొని పలుచని తడిగా మారితే ఆ చోట పూత అరిగినట్లు. సాధారణంగా బొటనవేలు ఎక్కువగా తిరిగే కింది భాగంలో పూత ముందుగా పోతుంది. చూసిన వెంటనే ఆ చుక్కను మెత్తని గుడ్డతో అద్దివేయండి.

మురికి ఎక్కడ నుండి వస్తుంది?

తెర మీద చేరే మురికి రెండు రకాలు. ఒకటి జిడ్డు, రెండవది ధూళి. రెండింటి స్వభావం వేరు కాబట్టి వాటిని తొలగించే తీరు కూడా వేరు.

అరచేతి చర్మంలో నూనె గ్రంథులు ఉండవు. అయినా వేలి ముద్రలు జిడ్డుగా పడడానికి కారణం, మనం తెలియకుండానే పదే పదే ముఖాన్ని, జుట్టును తాకుతూ ఉండడమే. మాట్లాడేటపుడు చెంప నేరుగా తెరకు ఆనుతుంది. తలకు పెట్టిన కొబ్బరి నూనె, ముఖానికి రాసిన క్రీము, వంటగదిలోని తాలింపు ఆవిరి, పచ్చడి కలిపిన వేలు అన్నీ ఈ జిడ్డుకు తోడవుతాయి. జిడ్డు వలన తెర మసకబారుతుందే కాని గాజు గీసుకుపోదు.

గీసేది ధూళి. బెంగళూరు నేల గ్రానైటు, నైస్ రాళ్ళ నేల. ఆ రాళ్ళలో మన పల్లెలలో పలుగురాయి అని పిలిచే ఖనిజం పుష్కలంగా ఉంటుంది. భవనాల పని జరిగే చోట రాతిని కోసినపుడు, కంకరను దింపినపుడు, ఇసుకను జల్లించినపుడు లేచే పొడిలో ఈ పలుగురాతి రేణువులు ఉంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో పలుగురాయి స్థానం 7. గాజు సుమారు 5.5 నుండి 6.5 వరకు. అంటే కంటికి ఆనని ఇసుక రేణువు కూడా గాజును గీయగలదు. జేబులోని తాళం చెవి గీసిందని మనం అనుకొంటాము. తాళం చెవుల ఇత్తడి గాజు కంటే మెత్తనిది. ఎక్కువ సార్లు గీసేది జేబు మూలలో చేరిన ఇసుకే.

ఈ కారణం చేతనే పొడి గుడ్డతో గట్టిగా రుద్దడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. గుడ్డకు, గాజుకు నడుమ చిక్కుకొన్న రేణువు ప్రతి చేతి కదలికకు ఒక సన్నని గీత గీస్తుంది. ఒక్క గీత కనిపించదు. నెలల తరబడి వేల గీతలు పడిన తరువాత ఎండలో తెర పొగ పట్టినట్లు కనిపిస్తుంది. అప్పుడు దానిని మురికి అనుకొని ఇంకా గట్టిగా రుద్దుతాము.

తుడిచే గుడ్డ ఎటువంటిది కావాలి?

అన్నింటికంటే అనుకూలమైనది మైక్రోఫైబర్ గుడ్డ. కళ్ళజోడుతో పాటు దుకాణంలో ఇచ్చే చిన్న గుడ్డ ఈ రకానిదే. దాని పోగులు చాలా సన్ననివి. వాటి నడుమ ఉన్న ఖాళీలలోకి జిడ్డు, ధూళి చేరి నిలుస్తాయి. అందువలన మురికి తెర మీద ఒక చోట నుండి మరొక చోటికి జరగక, గుడ్డలోకి వస్తుంది.

ఆ గుడ్డ అందుబాటులో లేనపుడు అనేక సార్లు ఉతికి మెత్తబడిన పాత నూలు పంచె ముక్క పనికి వస్తుంది. అయితే అది శుభ్రంగా ఉండాలి. గంజి పెట్టినది వాడరాదు, గంజి ఆరిన గుడ్డ గరుకుగా ఉంటుంది. చీర చెంగుతో, చొక్కా అంచుతో తుడవడం అందరికీ అలవాటే. రోజంతా బయట తిరిగి వచ్చిన బట్టలో వీధి ధూళి ఉంటుంది. జరీ అంచులోనైతే లోహపు పోగు కూడా ఉంటుంది. టిష్యూ కాగితం, వార్తాపత్రిక ముక్క చేతికి మెత్తగా తోచినా పూతకు గరుకైనవే. అంట్లు తోమే పీచు, స్పాంజి గరుకు వైపు తెర దరికి రానీయకూడదు.

గుడ్డను కూడా శుభ్రంగా ఉంచుకోవాలి. వారానికి ఒకసారి కొద్ది సబ్బు నీటితో చేతితో ఉతికి, బాగా జాడించి, ధూళి పడని చోట ఆరవేయండి. బట్టలకు మెత్తదనం, సువాసన ఇచ్చే ద్రవాలను ఈ గుడ్డకు వాడకండి. అవి పోగుల మీద జిడ్డు పొరగా నిలిచి, తరువాత తెరకు అంటుకొంటాయి. ఇస్త్రీ చేయకండి, వేడికి పోగులు కరిగి గట్టిపడతాయి. ఉతికిన గుడ్డను చిన్న సంచిలో దాచుకొంటే ధూళి చేరదు.

శుభ్రపరచే క్రమం

మొదట చార్జరును తీసివేయండి, ఫోనును ఆపివేయండి. తెర నల్లగా ఉన్నపుడు మరకలు స్పష్టంగా కనిపిస్తాయి. తుడిచేటపుడు వేళ్ళు తగిలి ఎవరికో పిలుపు వెళ్ళడం, డబ్బు పంపే తెర తెరుచుకోవడం వంటివి జరగవు. పై కవరును కూడా విప్పండి.

రెండవది, ధూళిని రుద్దకుండా తొలగించండి. ఫోనును నిలువుగా పట్టుకొని మెల్లగా విదిలించండి. మెత్తని కుంచెతో గాని, గుడ్డ కొసతో గాని ఒత్తకుండా పై నుండి కిందికి ఒక్కసారి దులపండి. ఇసుక ఎక్కువగా పడిన రోజున, ఉదాహరణకు సముద్ర తీరానికి వెళ్ళి వచ్చినపుడు గాని, నిర్మాణపు పని ముగించుకొని వచ్చినపుడు గాని, ఈ మెట్టును ఎంతమాత్రం విడిచిపెట్టరాదు.

మూడవది, గుడ్డలో ఒక మూలను కొద్దిగా తడి చేయండి. పిండితే చుక్క రాలనంత తడి చాలు. నీటిని ఎన్నడూ తెర మీద నేరుగా పోయవద్దు, చల్లవద్దు. గుడ్డనే తడపాలి.

నాలుగవది, తడి మూలతో తేలికగా తుడవండి. వేలి బరువు చాలు, చేతి బలం అక్కరలేదు. ఎండిన మరక ఉంటే ఆ చోట తడి గుడ్డను అర నిమిషం ఆనించి ఉంచండి. మరక నానిన తరువాత దానంతట అదే వదులుతుంది. గోరుతో గీకరాదు.

ఐదవది, గుడ్డలోని పొడి భాగంతో తడిని అద్ది, మెల్లగా తుడిచి, ఐదు నిమిషాలు ఆరనీయండి. పూర్తిగా ఆరిన తరువాతనే కవరు తొడగాలి, చార్జరు పెట్టాలి.

ఈ పని మొత్తం పది నిమిషాలకు మించదు. రోజూ చేయవలసిన అవసరం కూడా లేదు. రోజువారీ ముద్రలకు శుభ్రమైన పొడి గుడ్డతో తేలికగా ఒక్కసారి తుడిస్తే చాలును. తడి గుడ్డతో వారానికి ఒకటి రెండు సార్లు సరిపోతుంది.

నీటి విషయంలో ఒక మాట

ఈ నగరంలో చాలా ఇండ్లకు బోరు నీరు గాని, ట్యాంకరు నీరు గాని వస్తుంది. ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. స్నానపు గది కుళాయిల మీద తెల్లని చారలు కట్టేది వాటి వల్లనే. అదే నీటితో తెరను తుడిస్తే ఆరిన తరువాత తెల్లని మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చలను వదిలించాలని మళ్ళీ రుద్దడం మొదలవుతుంది. కాబట్టి తాగడానికి వాడే శుద్ధి చేసిన నీటిని ఒక చెంచాడు తీసుకోండి. ఆర్ఓ యంత్రం నుండి వచ్చే నీరు ఈ పనికి బాగా తగినది.

జిడ్డు బాగా పేరుకొన్నపుడు మాత్రం ఒక గిన్నెడు నీటిలో ఒక చుక్క అంట్ల సబ్బు ద్రవం కలిపి, ఆ నీటిలో గుడ్డ మూలను తడిపి పిండి వాడవచ్చును. తరువాత వట్టి నీటితో తడిపిన మరొక మూలతో సబ్బు పోయేలా తుడవాలి. సబ్బు నీరు మామూలు నీటి కంటే సులభంగా సన్నని సందులలోకి పాకుతుంది. అందువలన స్పీకరు, మైకు, చార్జింగు రంధ్రాల దగ్గరకు దానిని తీసుకువెళ్ళరాదు.

వాడకూడనివి

అద్దాలు తుడిచే ద్రవాలలో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. మరుగుదొడ్డి, నేల శుభ్రం చేసే ద్రవాలలో ఘాటైన ఆమ్లాలు గాని, క్షారాలు గాని, బ్లీచింగు పదార్థం గాని ఉంటాయి. ఇవి పూతను గాజుకు పట్టి ఉంచే బంధాన్ని బలహీనపరుస్తాయి. వీటిలో ఏదీ ఫోనుకు తగదు. బ్లీచింగు ద్రవాన్ని ఆమ్లంతో గాని, అమ్మోనియాతో గాని కలిపితే విష వాయువు పుడుతుంది. కాబట్టి మరకలు పోతాయన్న ఆశతో ఇంటిలోని ద్రవాలను ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు.

గోళ్ళ రంగు తీసే ద్రవం, థిన్నరు, కిరోసిను, పెట్రోలు పూతనే గాక ఫోను అంచులలోని ప్లాస్టిక్‌ను, జిగురును కూడా పాడు చేస్తాయి. పైగా అవి మంటను తొందరగా పట్టుకొనేవి. నిమ్మరసం, వెనిగరు ఇంటి వస్తువులే అయినా ఆమ్లాలే. వంట సోడా, విభూతి, పళ్ళపొడి, పేస్టు అన్నీ నలిగిన పొడులు. వాటి పని అరగదీయడం. పంటి మీది గారను తీయడానికి ఉద్దేశించిన పేస్టు తెర మీది గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న భాగాన్ని కూడా అరగదీసి, గీత తేడా తెలియకుండా చేస్తుంది. ఆ క్రమంలో అక్కడి పూత పూర్తిగా పోతుంది.

చేతులకు రాసుకొనే శానిటైజరులో ఆల్కహాలుతో పాటు చర్మాన్ని మెత్తగా ఉంచే గ్లిజరిన్, సువాసన ద్రవ్యాలు ఉంటాయి. అవి తెర మీద జిగటగా నిలుస్తాయి. శానిటైజరు చేతికే గాని తెరకు కాదు.

క్రిములను తొలగించవలసి వచ్చినపుడు

ఆసుపత్రిలో పని చేసేవారు, ఇంటిలో అంటువ్యాధితో ఉన్నవారిని చూసుకొనేవారు, ఒకే ఫోనును పలువురు వాడే కుటుంబాలు అప్పుడప్పుడు క్రిములను తొలగించవలసి వస్తుంది. 2020 మార్చిలో కోవిడ్ వ్యాపిస్తున్న కాలంలో యాపిల్ సంస్థ తన సూచనలను సవరించి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గల తుడుపు కాగితంతో తెరను మెల్లగా తుడవవచ్చునని తెలిపింది. బ్లీచింగు వాడరాదని, రంధ్రాలలోకి తడి పోనీయరాదని అదే సూచనలో హెచ్చరించింది. ఇతర సంస్థల ఫోన్ల విషయంలో ఫోనుతో వచ్చిన పుస్తకంలోని సూచనను ముందుగా చూడడం మంచిది.

70 శాతమే ఎందుకు అన్న సందేహం కలగవచ్చు. క్రిమి పైపొరలోని మాంసకృత్తులను ఆల్కహాలు చెడగొట్టాలంటే కొంత నీరు కూడా కావాలి. నూటికి నూరు శాతం ఆల్కహాలు పని పూర్తి కాకముందే ఆవిరైపోతుంది. ఘాటు ఎక్కువైతే ఫలితం ఎక్కువ అన్న ఊహ ఇక్కడ సరికాదు.

ఆల్కహాలు వాడేటపుడు పొయ్యి, దీపం, అగరువత్తి దగ్గర ఉండకూడదు. తుడిచిన తరువాత పూర్తిగా ఆరే వరకు చార్జింగు పెట్టకూడదు. అవసరం ఉన్నపుడు మాత్రమే వాడాలి, రోజువారీ అలవాటు చేసుకోకూడదు. ఫోను ఎంత శుభ్రంగా ఉన్నా చేతులు మురికిగా ఉంటే ఫలితం నిలవదు. చేతులు సబ్బుతో కడుక్కోవడమే మొదటి రక్షణ. అన్నం తినేటపుడు ఫోనును పక్కన పెట్టడం తెరకూ మేలు, ఒంటికీ మేలు.

రంధ్రాలు, తడి

ఫోను నీటికి తట్టుకొంటుందని పెట్టె మీద వ్రాసి ఉన్నదని కొందరు కుళాయి కింద కడుగుతారు. ఐపీ67 అన్న గుర్తుకు అర్థం, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాల పరీక్షకు తట్టుకొన్నదని. ఆ పరీక్ష కొత్త ఫోనుకు, మంచి నీటిలో జరుగుతుంది. వాడే కొద్దీ అంచులలోని జిగురు బలహీనపడుతుంది. కింద పడిన ఫోనులో ఆ రక్షణ ముందే పోయి ఉండవచ్చు. నీటి వలన కలిగిన నష్టాన్ని సాధారణంగా వారంటీ కింద భరించరు.

స్పీకరు జాలీ, చార్జింగు రంధ్రంలో పేరుకొన్న పీచును పొడిగా ఉన్న మెత్తని బ్రష్షుతో మాత్రమే తీయండి. గుండుసూది, పిన్నీసు వాడితే లోపలి లోహపు కొనలు వంగుతాయి. గాలిని గట్టిగా చిమ్మే యంత్రాలు జాలీని చింపగలవు.

పొరపాటున తడి లోపలికి చేరితే ఫోనును వెంటనే ఆపివేసి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకొని అరచేతిపై మెల్లగా తట్టి, గాలి ఆడే చోట ఉంచండి. బియ్యపు డబ్బాలో పెట్టడం చాలా మందికి అలవాటు. బియ్యంలోని పిండి, తవుడు రేణువులు రంధ్రాలలోకి చేరి కొత్త సమస్య తెస్తాయి. పొయ్యి దగ్గర, జుట్టు ఆరబెట్టే యంత్రం కింద ఉంచితే బ్యాటరీకి హాని.

ల్యాప్‌టాప్, టీవీ, మడిచే ఫోను

అన్ని తెరలూ ఒకటే అనుకోరాదు. చాలా ల్యాప్‌టాప్‌లకు, టీవీలకు పైన గాజు ఉండదు. వెలుగు మెరవకుండా చేసే పూత గల మెత్తని ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానిని వేలితో ఒత్తితే నీడ పడినట్లు కనిపిస్తుంది. ఎక్కువగా ఒత్తితే ఆ మచ్చ శాశ్వతమవుతుంది. ఇటువంటి తెరకు ఆల్కహాలు వాడకుండా, కొద్దిపాటి నీటితో తడిపి పిండిన గుడ్డతోనే తుడవండి. టీవీ మీద ద్రవాన్ని చిమ్మితే అది కిందికి జారి అడుగు అంచులోకి దిగుతుంది. విద్యుత్ భాగాలు చాలా టీవీలలో అక్కడే ఉంటాయి. టీవీని ఆపి, ప్లగ్గు తీసి, చల్లబడిన తరువాతనే తుడవాలి.

మడిచే ఫోను లోపలి తెర పైపొర ప్లాస్టిక్ వంటి మెత్తని పదార్థం. గోరు ఒత్తిడికి కూడా దాని మీద గుర్తు పడుతుంది. కర్మాగారంలో అతికించిన ఆ పొరను స్క్రీన్ గార్డు అనుకొని పీకివేయరాదు.

పూత పోయిన తరువాత

ఎంత జాగ్రత్తగా వాడినా, వేలి రాపిడికి పూత కాలక్రమేణా కొంత అరుగుతుంది. అది సహజం. పూత పోయినంత మాత్రాన ఫోను పాడైనట్లు కాదు. ముద్రలు త్వరగా పడతాయి, తుడవడం కొంచెం కష్టమవుతుంది, అంతే. అటువంటపుడు మంచి టెంపర్డ్ గ్లాస్ స్క్రీన్ గార్డు వేయించుకోవడం సులభమైన మార్గం. దాని మీద కూడా ఇటువంటి పూతే ఉంటుంది. అరిగినపుడు, పగిలినపుడు గార్డును మాత్రమే మార్చుకోవచ్చును. కొత్త ఫోనుకు మొదటి రోజునే గార్డు వేయించుకొంటే, అరిగేది అసలు తెర కాక చవకైన గాజు అవుతుంది. తెర కింద వేలిముద్ర గుర్తించే ఫోన్లకు మాత్రం ఆ నమూనాకు సరిపోయే గార్డు అడిగి తీసుకోవాలి. వేసిన తరువాత వేలిముద్రను మళ్ళీ నమోదు చేసుకోవాలి.

తెర పగిలితే ముక్కలు వేలికి గుచ్చుకోకుండా తాత్కాలికంగా పారదర్శకమైన టేపు అతికించండి. పగిలిన తెరను తడి గుడ్డతో తుడవవద్దు. మరమ్మతుకు ఇచ్చే ముందు ఫోటోలు, నంబర్లు వేరొక చోట భద్రపరచుకోండి, సిమ్ కార్డును తీసి దగ్గర ఉంచుకోండి. తెర లాకు సంఖ్యను, డబ్బు చెల్లింపు పిన్నును ఎవరికీ చెప్పవద్దు. రసీదు తప్పక తీసుకోండి. వినియోగదారుగా అన్యాయం జరిగిందని భావిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. రసీదు ఉంటే ఆ ఫిర్యాదుకు బలం ఉంటుంది.

ఇక పని చేయని ఫోనును, ఉబ్బిన బ్యాటరీని ఇంటి చెత్తలో వేయరాదు. చెత్త బండిలో నలిగితే బ్యాటరీ మంట పుట్టించగలదు. ఆ చెత్తను చేతితో వేరు చేసే పారిశుద్ధ్య కార్మికులకు అది ప్రమాదం. వారిలో మన భాష మాట్లాడేవారూ ఎందరో ఉన్నారు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పని చేయని ఫోన్ల వంటి వస్తువులు నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేరాలి. వాటిని విడిగా ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణ కేంద్రంలో అప్పగించండి.

గుర్తుంచుకోవలసినవి

ముందు దులపాలి, తరువాత తుడవాలి.
గుడ్డను తడపాలి, తెరను తడపరాదు.
చేయి తేలికగా ఉండాలి, మరకను నాననీయాలి.
శుద్ధి చేసిన నీరు చాలు. ఘాటు ద్రవాలు, పొడులు వద్దు.
ఆల్కహాలు అవసరానికి మాత్రమే, అదీ 70 శాతం ఉన్నదే.
చార్జరు తీయాలి, ఫోను ఆపాలి, ఆరిన తరువాతనే వాడాలి.

ఇంటిలోని పెద్దలు ఫోనును శుభ్రంగా ఉంచాలన్న మంచి ఉద్దేశంతోనే విభూతినో, పేస్టునో అందుకొంటారు. వారిని కాదనే బదులు ఒక మెత్తని గుడ్డను వారి చేతికి ఇచ్చి, నీటి చుక్క పరీక్షను చూపించండి. గుండ్రంగా నిలిచిన ఆ చుక్కను చూసినవారు తెరను మళ్ళీ గట్టిగా తోమరు.